దుబాయి ఎడారిలో బండి ఎవరి మాట వినవలెను?

శీతకాలపు సెలవులు సమీపించుచున్నవి. మన కుటుంబములలో కొందరు ఈ యేడు దుబాయి సముద్రతీరమునకు పోవ సంకల్పించినట్లు తెలియవచ్చినది. చెన్నపట్టణము నుండి గాని బెంగుళూరు నుండి గాని విమానమెక్కినచో సుమారు నాలుగు గంటలలో అక్కడ దిగవచ్చును. మన తాతలకు దూరయాత్ర యనగా కాశియో, రామేశ్వరమో. వారి మునిమనుమలు నేడు జుమేరా తీరమున ఇసుకతో పిచ్చుకగూళ్లు కట్టుచున్నారు. దీనిని ఆక్షేపించుటకు మేము కలము పట్టలేదు. ఏడాది పొడుగున అంగడిలో నిలువు కాళ్లపై నిలిచినవాడు భార్యాబిడ్డలతో నాలుగు దినములు సముద్రపు గాలి పీల్చినచో ఎవరికి నష్టము?

మేము వ్రాయదలచినది ఆ యాత్రలో మూడవ దినముననో, నాలుగవ దినముననో తప్పక తలయెత్తు ఒక ప్రశ్నను గూర్చి. సముద్రస్నానము రెండు దినములు బాగుండును. పిదప పిల్లలు విసుగుకొందురు. అప్పుడు హోటలు గుమ్మము కడ నుండు గుమాస్తా చిరునవ్వుతో ఒక రంగుకాగితము చేతికిచ్చును. ఎడారి సఫారీ! ఎర్రని ఇసుకతిన్నెలపై బండి గాలిలోనికి లేచుచున్న బొమ్మ ఆ కాగితముపై నుండును. అపరిచితులతో కలిసి ఆరుగురు కూర్చుండు బండి చౌక. బండి మొత్తము మన కుటుంబమునకే కావలెనన్నచో పలు రెట్లు ఎక్కువ.

గత మాసము మన సంఘ సమావేశము ముగిసిన పిమ్మట ఈ సంగతియే చర్చకు వచ్చినది. పెద్దలలో ఒకరు, "ఇసుకలో దొర్లుటకు ఇన్ని వేలు పోయవలెనా? తిరుచ్చెందూరు దగ్గర తేరికాడులో కావలసినంత ఎర్రయిసుక ఉన్నది, సముద్రమును ప్రక్కనే యున్నది" అనిరి. మాట సరసముగానే యున్నది. ఆ తేరి నేలలు నిజముగనే చూడదగినవి. యువకులు మాత్రము, ఎడారిలో బండి ఎగురకున్నచో దుబాయి పోయినట్లే కాదని వాదించిరి. మా అభిప్రాయము ఈ ఇరుపక్షములలో దేనితోను పూర్తిగా కలియదు. ఎడారి చూడదగినది. శక్తి కలవారు ప్రత్యేకముగా బండి మాట్లాడుకొనుటయు మంచిదే. కాని ఆ అధిక ధనమును మనము దేనికొరకు చెల్లించుచున్నామో చాలమంది ఎరుగరు. విశాలమైన సీటు కొరకు కాదు, ఎక్కువ కుదుపు కొరకు అంతకన్న కాదు. "నెమ్మదిగా పోనిమ్ము", "ఇచ్చట ఆపుము", "ఇక చాలును, వెనుకకు మరలుము" అని చెప్పి వినిపించుకొను అధికారమునకే ఆ మూల్యము. ఆరుగురు అపరిచితుల నడుమ మన ముసలితల్లి కొరకు బండి ఆపుమనుట కష్టము. బండి మనదైనప్పుడు ఆ కష్టము లేదు. ఆ అధికారమును కొనికూడ వాడుకొనని వారిని చూచియే మేమిది వ్రాయవలసి వచ్చినది.

జరుగునదేమో తెలియనివారి కొరకు కొంత చెప్పెదము. నగరమునుండి హత్తా పోవు రాజమార్గమున ముప్పావు గంటయో, ఒక గంటయో పోయినచో లహబాబ్ అను చోట ఎర్రని తిన్నెలు కనబడును. ఇసుకరేణువులకు ఇనుపతుప్పు పట్టియుండుటచేత ఆ ఎరుపు వచ్చినది. రోడ్డు దిగగానే చోదకుడు బండి నిలిపి టైర్లలోని గాలి తీయును. రోడ్డుమీద 35 పాయింట్లున్న గాలిని 15 పాయింట్ల వరకు దించును. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరచుకొని, బరువును ఎక్కువ చోటికి పంచి, ఇసుకలో దిగబడకుండ తేలును. ఒంటె పాదము వెడల్పుగా నుండుటలోని కిటుకును ఇదియే. ఆ తరువాత బండి వేగముగా తిన్నెనెక్కి, శిఖరమును దాటి, అవతలి వాలులోనికి జారును. ఒక్కొక్కప్పుడు ప్రక్కకు ఒరగుచు దిగును. దీనినే అక్కడివారు డ్యూన్ బ్యాషింగు అందురు. అరగంటసేపు ఇట్లు సాగును.

ఇందులో నేర్పు కలదు. మంచి చోదకుడు ఇసుక రంగును, గాలి వీచిన వైపును, శిఖరపు అంచు పదునును చూచి దారి ఎంచుకొనును. గాలి వీచు వైపు వాలు తిన్నగా, గట్టిగా నుండును. అవతలి వైపు నిటారుగా, వదులుగా నుండును. ఈ భేదము తెలియనివాడు అంచుపై బండిని ఇరికించును, లేదా ముక్కుమీద దించును. బండి ముక్కుమీద దిగినప్పుడు లోపలివారికి ఏమగును? సీటు క్రిందికి పోయి, మరల ఎదురువచ్చి తగులును. ఆ దెబ్బ నిలువుగా వెన్నెముకకే. ఇరువది యేండ్లవాడు నవ్వి ఊరకుండును. ఎముకలు పలుచబడిన ఆరుపదుల స్త్రీకి వెన్నుపూస నొక్కుకొనిపోవుటకు ఆ ఒక్క దెబ్బ చాలును. బండిలో వెనుక చక్రముల మీది సీటున కుదుపు అన్నిటికన్న ఎక్కువ. మన కుటుంబములలో, ఫోటోలు తీయు పిల్లలు ముందు కూర్చుండగా, పెద్దవారు సర్దుకొని కూర్చుండునది ఆ వెనుక సీటుననే.

మా యెరుకలో ఒక కుటుంబమునందు అచ్చముగా ఇట్లే జరిగినది. పేర్లు అనవసరము; ఆ విహారసంస్థ పేరును అనవసరమే. బండి ప్రత్యేకముగా మాట్లాడుకొన్నదే. ఆ తల్లిగారు రెండవ తిన్నె దగ్గరనే, "నాయనా, మెల్లగా తోలుమనరా" అని తెలుగున మొరపెట్టుకొనిరి. చోదకునకు తెలుగు రాదు. కుమారునకు వచ్చును, కాని అతడు చేతిలోని ఫోనున బొమ్మ పట్టుచు, "ఏమీ కాదమ్మా, అందరును పోవుచున్నారు కదా" అని నవ్వెను. ఆమె స్వస్థలమునకు చేరిన పిమ్మట మూడు మాసములు నడుమునకు పట్టీతో మంచము పట్టిరి. ఇప్పటికిని బస్సు ఎక్కుటకు భయపడుదురు. మనుమరాలి పెండ్లికి ధర్మపురి వరకు పోలేకపోయిరి.

చోదకుని తప్పుపట్టుట సులభము. మేము పట్టము. అతని లెక్క వేరు. బండిలో కేకలు వినబడినచో బేరగాండ్రు సంతోషించుచున్నారని అతని అనుభవము. భయపు కేకయు, సంతోషపు కేకయు ముందు సీటునకు ఒకే విధముగా వినబడును. ఊరికి తిరిగివచ్చిన బేరగాండ్రు వ్రాయు మంచిమాటపైననే అతని మరుసటి బేరము ఆధారపడియుండును. అందుచేతనే చాలమంది చోదకులు ఇసుకలో దిగునప్పుడే అడుగుదురు: కొంచెమా, నడిమియా, ఎక్కువయా అని. అప్పుడు బండిలో ఎవరు జవాబు చెప్పుదురు? ముందు సీటునందలి పదునారేండ్ల కుర్రవాడు, "ఎక్కువ!" అని అరచును. అరువది యేండ్ల ఆమె నోరు తెరచులోపల బండి కదలును. ఇంటిలో పెండ్లిసంబంధము మొదలు కిరాణా సరుకుల వరకు పెద్దల మాట విను కుటుంబమే, బండి ఎక్కగనే చిన్నవాని మాటకు లొంగుట వింత కాదా?

కనుక మా మొదటి సూచన ఇది. ముందు సీటున కుటుంబములో వయస్సుచేత గాని, ఆరోగ్యముచేత గాని అందరికన్న బలహీనులైనవారిని కూర్చుండబెట్టుడు. చోదకుడు అడుగు ప్రశ్నకు జవాబు వారిదే. వారు కూర్చుండగలిగినంత వేగమే ఆ బండి వేగము. ఎగిరి తీరవలెనను యువకులు మరియొక బండిలో పోవుదురుగాక; లేదా పెద్దలను శిబిరమున దించి, టీ త్రాగుచుండుమని చెప్పి, వారు మరల ఒక చుట్టు తిరిగి వత్తురుగాక. బండి మనదైనప్పుడు ఇట్లు ఏర్పాటు చేసికొనుటకు అడ్డులేదు. గర్భిణులు, గుండెజబ్బు గలవారు, నడుమునకు శస్త్రచికిత్స జరిగినవారు, పసిపిల్లలు తిన్నెలమీద ఎక్కనే కూడదు. పేరున్న సంస్థలు తామే ఈ మాట చెప్పును. చెప్పని సంస్థతో బేరము వలదు.

భాష సంగతి కొంత చెప్పవలసియున్నది. అక్కడి చోదకులలో చాలమంది పాకిస్తానువారో, మన దేశపువారో, బంగ్లాదేశమువారో. హిందీయో, ఉర్దూయో అందరికిని తెలియును. తమిళనాట పెరిగిన మన పిల్లలకు హిందీ రాకపోవచ్చును. బళ్లారివారికి, షోలాపురమువారికి, బరంపురమువారికి ఎంతో కొంత వచ్చును. మనము ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరియొక భాష పలుకుచు పెరిగినవారము. ఏ ఊరి సంతలోనైనను బేరమాడి నెగ్గుకొని వచ్చినవారము. అట్టి మనకు "ధీరే చలాయియే" యను రెండు మాటలు బరువా? మాట రాక కాదు, అడుగుట నామోషీ యనుకొని మౌనముగా నుందురు. ఇంటివద్దనే ముసలివారికి ఆ రెండు మాటలు నేర్పి పంపుడు. కొడుకు ఫోను దింపకపోయినను వారు తామే చెప్పుకొందురు.

వర్తకులముగా బేరపు మాటలు కొన్ని చెప్పుట మా విధి. "ప్రైవేటు" అను మాటకు అక్కడ అనేకార్థములు కలవు. బండి మాత్రమే ప్రత్యేకమై, అది ఇరువది బండ్ల వరుసలో నడుచుచు, చివరకు మూడు వందల మంది కూర్చున్న శిబిరముననే దించినచో, మనము ప్రత్యేకముగా కొన్నది నాలుగు తలుపులు మాత్రమే. కావున ముందే అడుగవలెను. బండి వరుసలో పోవునా, తనంత తాను పోవునా? బయలుదేరు వేళ మనదా, వారిదా? ఆపుమన్నచోట ఆపునా? శిబిరము మనకొక్కరికేనా? శాకాహారపు వంట వేరుగా నుండునా? నాలుగు చక్రముల మోటారు సైకిలు, ఒంటె సవారి, డేగతో ఫోటో, ఇవన్నియు చెప్పిన ధరలోనివా, అక్కడ దిగిన పిదప చేయిచాపునవా? ముఖ్యముగా ఆ మోటారు సైకిలు విషయమున జాగ్రత్త. తలకు గట్టి టోపీ లేకుండ, నేర్పినవాడు ప్రక్కన లేకుండ పిల్లలను దానిపై ఎక్కించువారిని చూచినచో మాకు ఒడలు మండును.

చోదకునకు ప్రభుత్వ అనుమతి కలదా, బండి లోపల బోర్లపడినను కప్పు నలగకుండ ఇనుపచట్రము కలదా, అందరికిని పనిచేయు సీటుబెల్టు కలదా యని అడుగుటకు సిగ్గుపడవలదు. చీర కట్టుకొనిన స్త్రీలు బెల్టు నలుగునని వదలివేయుట మేము విన్నాము; ఆ దినమునకు మరియొక దుస్తు ధరించుట మేలు. ప్రయాణపు బీమా కాగితములో ఎడారి విహారము చేరినదో లేదో చదువుకొనవలెను. తరచు అది మినహాయింపుల పట్టికలో చిన్న అక్షరములలో నుండును. ఇక అద్దెకు తీసికొన్న కారును తామే ఇసుకలోనికి తోలుదుమను సాహసికులకు మేము చెప్పదగినదేమియు లేదు. అద్దె ఒప్పందమే వారికి చెప్పును.

కాలము గూర్చి ఒక్కమాట. మన పిల్లల బడులకు పెద్ద సెలవులు ఏప్రిలు, మే నెలలలో. అప్పుడే హోటళ్ల ధరలును తగ్గును. తగ్గుట ఊరక కాదు. ఎండ నలుబది డిగ్రీలు దాటును. జూలై, ఆగస్టులలో నలుబదియైదును దాటును. జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పండ్రెండున్నర నుండి మూడు గంటల వరకు ఆరుబయట కూలిపని చేయించరాదని ఆ దేశపు శాసనమే నిషేధించుచున్నది. కరీంనగరమునుండి, నిజామాబాదునుండి పోయి అక్కడ రోడ్లు వేసి, మేడలు కట్టిన మనవారు వేలమంది కలరు. వారి కొరకును, వారివంటి యితరుల కొరకును ఏర్పడిన నియమమది. కూలివానినే నీడకు పొమ్మను ఆ ఋతువులో చౌకధరకు ఆశపడి పసిపిల్లలను ఇసుకకు తీసికొనిపోవుట ఏపాటి వివేకము? నవంబరు నుండి మార్చి వరకే దీనికి తగిన కాలము. మన పొంగలి సెలవులు చక్కగా సరిపోవును.

ఇంతవరకు చెప్పినది జాగ్రత్త. ఇప్పుడు, బండి నెమ్మదిగా పోయినచో, ఆగినచో, కనబడునదేమో చెప్పెదము. ఏలయన, నెమ్మదిగా పోయిన ఎడారిలో చూచుటకేమున్నదని యువకులు అడిగినారు.

ఇసుక నడుమ ఒంటరిగా నిలిచిన పచ్చని చెట్టొకటి కనబడును. అరబ్బులు దానిని గాఫ్ అందురు. దగ్గరకు పోయి ఆకు చూడుడు. చిన్నచిన్న ఆకులు, సన్నని ముండ్లు, గరుకైన బెరడు. అది మన జమ్మిచెట్టు! పోలినది కాదు, అదే జాతి. విజయదశమినాడు మనము పూజించునది, అజ్ఞాతవాసమునకు ముందు పాండవులు తమ ఆయుధములు దాచినది, తెలంగాణమునకు రాష్ట్రవృక్షమైనది ఆ చెట్టే. కన్నడిగులు దానిని బన్ని యందురు. మైసూరు దసరా ఊరేగింపు బన్నిమంటపము కడనే ముగియును. తమిళులు వన్ని యందురు. రాజస్థానమువారు ఖేజ్రీ యందురు. 1730లో అక్కడి ఖేజడ్లీ గ్రామమున ఆ చెట్లను నరుకుటకు వచ్చినవారిని అడ్డగించి, అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు ప్రాణములర్పించిరి. ఏ భాషా ప్రాంతమున స్థిరపడిన తెలుగువారమైనను మనకు ఆ చెట్టు ఎరుకయే. పేరు మారినది, దసరా మారలేదు.

ఆ చెట్టును సంయుక్త అరబ్ ఎమిరేట్సు ప్రభుత్వము 2008లో జాతీయవృక్షముగా ప్రకటించినది. 2019ని ఆ దేశము సహన సంవత్సరముగా జరుపుకొనినప్పుడు దాని గురుతుగా నిలిపినదియు ఈ చెట్టునే. ముప్పది మీటర్లకు మించిన లోతునకు వేళ్లు దించి నీరు త్రాగును. వాన లేకపోయినను పచ్చగా నుండును. ఒంటె ఆకు మేయును, మనిషి నీడ పట్టున కూర్చుండును, పక్షి గూడు కట్టుకొనును. వేగముగా పోవు బండిలోనుండి చూచినచో అది ఒక పచ్చని మచ్చ; కన్ను రెప్పవేయులోపల వెనుకబడిపోవును. అంత దూరము పోయి, జమ్మిచెట్టు ప్రక్కగా పోయి, జమ్మి యని తెలియకయే తిరిగివచ్చినవారు మన ఊరిలో పదుల సంఖ్యలో నున్నారు. మేము అడిగి చూచితిమి. ఒకరు మాత్రము, "ఏదో తుమ్మవంటి చెట్టు" అనిరి.

చోదకుని ఆ చెట్టుక్రింద బండి నిలుపుమనుడు. పావుగంట చాలును. పిల్లలచే నామమాత్రముగానైనను ఆ మొదలు ముట్టించుడు. కొమ్మ మాత్రము త్రుంచవలదు. మన పండుగ ఆచారము అక్కడ చెల్లదు, ఆ చెట్టుకు అక్కడ చట్టరక్షణ కలదు.

రెండవది, ఆ దేశపు మృగములు. అరేబియా ఓరిక్స్ అని తెల్లని దేహము, నిడుపైన నల్లని కొమ్ములు గల మృగమొకటి కలదు. తుపాకులును, మోటారు బండ్లును ఎడారికి వచ్చిన పిమ్మట దానిని తరిమి తరిమి వేటాడిరి. 1972 నాటికి అడవిలో ఒక్కటియు మిగులలేదు. ఒమానునందు చివరివి చంపబడినవి. అంతకు ముందే, 1960 తరువాతి సంవత్సరములలో, కొన్నిటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జంతుశాలకు పంపి పెంచుటచేత జాతి నిలిచినది. 1982లో ఒమాను ఎడారిలో మరల వదలిరి. 2011లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దాని ప్రమాదస్థాయిని ఒక మెట్టు తగ్గించిరి. అడవిలో పూర్తిగా అంతరించిన మృగము అంతటి స్థితికి తిరిగివచ్చుట అదే ప్రథమము. నేడు దుబాయి ఎడారి సంరక్షణ వనములో వాని మందలను కన్నులార చూడవచ్చును. 2003లో ఏర్పడిన ఆ వనము 225 చదరపు కిలోమీటర్లు, దుబాయి విస్తీర్ణమునందు ఇంచుమించు ఇరువదవ వంతు. అందులోనికి అనుమతి పొందిన కొద్ది సంస్థల బండ్లే పోవును. అవియును ఏర్పరచిన దారులు వదలరాదు. ప్రత్యేకముగా బండి మాట్లాడుకొనువారు ఉదయపు వేళ ఈ వనమునకు పోవుటయే అన్నిటికన్న ఉత్తమమని మా అభిప్రాయము. ముసలివారికిని హాయి, పిల్లలకును చూచుటకు మృగములు. మోటారు బండి తరిమి నాశనము చేసిన జంతువును మోటారు బండిలోనే నెమ్మదిగా పోయి చూచుటలో ఒక న్యాయమును కలదు.

యువకులు ఒక ప్రశ్న వేయుదురు: ఇసుకకేమి నొప్పి, రాత్రి గాలి వీచినచో చక్రపు జాడ చెరిగిపోవును కదా యని. తిన్నెల విషయమున అది చాలవరకు నిజమే. కాని ఎడారి యంతయు తిన్నెలు కాదు. తిన్నెల నడుమ గులకరాళ్ల మైదానములు కలవు. అచట పడిన చక్రపు గాడి పదుల యేండ్లు మాయదు. అణగిన నేలలో గింజ మొలకెత్తదు. ముండ్లతోక గల బల్లిజాతి జంతువొకటి, చూపునకు మన ఉడుమువంటిది, అక్కడ నేలలో బొరియ త్రవ్వుకొని బ్రతుకును. బండి చక్రము ఆ బొరియ నణచినచో దాని గతి చెప్పనేల? కావున, "క్రొత్త దారి తొక్కుదుము" అని చోదకుని పురికొల్పవలదు. పాతజాడలోనే పోనిండు.

ఒంటెల సంగతి మరియు విచారకరము. దుబాయిలోని కేంద్ర పశువైద్య పరిశోధనాలయమువారు 2008 నుండి సుమారు 30,000 ఒంటెల కళేబరములను పరీక్షింపగా, అందులో 300 ఒంటెల కడుపున ప్లాస్టికు సంచులు ముద్దకట్టి యుండెనని 2021లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలుపుచున్నది. ఇసుకపై ఎగురు సంచిని మేతయని తినును. అది అరుగదు, బయటకు పోదు. కడుపు నిండినట్లే యుండి జంతువు ఆకలితో చచ్చును. మనవారు ప్రయాణములలో పులిహోర, మురుకులు పొట్లములు కట్టుకొని పోవుట ఆచారము. మంచి ఆచారమే, శిబిరపు భోజనముకన్న రుచియు. కాని ఆ సంచులను, నీళ్ల సీసాలను లెక్కపెట్టి తీసికొనిపోయి, లెక్కపెట్టి వెనుకకు తేవలెను. అంగడిలో సరుకు లెక్క చూచువారికి ఇది కష్టము కాదు.

ప్రసంగవశమున ఒకటి. ఇసుకకు ఇంత దూరము పోవు మనము, ఒకప్పుడు ఆ తీరమున మన రూపాయియే చెల్లెడిదని మరచితిమి. 1959లో రిజర్వు బ్యాంకు ఆ గల్ఫు ప్రాంతములకై వేరు నోట్లు ముద్రించినది. ఆ దారిని మన దేశమునకు దొంగతనముగా బంగారము వచ్చుచు, విదేశీద్రవ్యము కరగిపోవుచుండుటయే దానికి హేతువు. 1966లో మన రూపాయి విలువ తగ్గింపబడగానే దుబాయివారు ఆ నోటును విడిచి వేరు నాణెమును పట్టిరి. దుబాయి సముద్రగర్భమున నూనె కనబడినదియు ఆ 1966లోనే. ఎమిరేట్సు ఒక దేశముగా ఏర్పడుట 1971 డిసెంబరు 2న. మన సంఘమునందలి వృద్ధులకన్న ఆ దేశము వయస్సున చిన్నది. మన పిల్లలు ఆ ఎత్తైన మేడలను చూచి, అది అనాదిగా అట్లే యున్నదని భ్రమపడుచున్నారు. శిబిరమున మంటచుట్టు కూర్చున్నప్పుడు ఈ కథ చెప్పినచో, అక్కడి అద్దె నాట్యముకన్న ఆసక్తిగా వినెదరని మేము అనుకొనుచున్నాము.

వ్యయమును గూర్చి ఆక్షేపించు పెద్దలకు మా ప్రత్యుత్తరము చిన్నది. నలుగురు కుటుంబమునకు ప్రత్యేకపు బండి ఖరీదైనదే. కాని ఇద్దరు సోదరుల కుటుంబములు, తల్లిదండ్రులు కలిసి పోయినచో బండి ఎట్లును నిండును. తలకు పడు వ్యయము కలిసిపోవు బండికి మరీ దూరము కాదు. మన కుటుంబములలో ఉమ్మడి ప్రయాణము క్రొత్తదికాదు. ఆ ధనము చెల్లింపలేనివారు కలిసిపోవు బండి ఎక్కి తిన్నెలపై పోవుటకన్న, పెద్దలను సముద్రపు ఒడ్డుననే వదలి పోవుట మేలు. తల్లిని తీసికొనిపోవలెనన్న ప్రేమయే ఆమె వెన్ను విరుచుటకు కారణము కారాదు.

ఈ జనవరిలో బయలుదేరు కుటుంబములు నాలుగు మా దృష్టికి వచ్చినవి. సంస్థలనుండి వారు పొందిన ధరల కాగితములను తీసికొని బుధవారము సాయంకాలము ఆరు గంటలకు సంఘ కార్యాలయమునకు దయచేసినచో, పోయివచ్చినవారు ఇద్దరు ముగ్గురు అందుండెదరు. కాగితములను ఒకదానిప్రక్కన ఒకటి పెట్టి, ఏ సంస్థ "ప్రైవేటు" అను మాటను ఏ అర్థమున వాడినదో చూచుకొనవచ్చును. ముసలివారిని గూడ వెంటబెట్టుకొని రావలెను.